రొట్టె తట్టే చేతి గోళ్ళు

ఆ బుధవారం సుమంగళ చేయవలసిన పనులు ఇవి. పార్లర్ తాళం తీసి ఊడవాలి. నిన్నటి తువ్వాళ్ళు ఉతికి మిద్దె మీద ఆరేయాలి. మైనం గిన్నె గీకి కడగాలి. పెళ్ళికూతుళ్ళు కూర్చునే కుర్చీకి కొత్త గలీబు తొడగాలి. మధ్యాహ్నం పెద్దాసుపత్రికి పోయి చర్మం డాక్టరుకు చేతులు చూపించుకోవాలి, ఎవరూ గమనించేలోగా తిరిగి రావాలి. అత్త మణికట్లకు రాయడానికి నూనె కొనాలి. రేపు రాబోయే పెళ్ళివాళ్ళకు చూపించడానికి కొత్త రంగులు తన వేళ్ళకు వేసుకొని ఉంచాలి. వీటన్నిటికంటే ముందు మేడంను ఒక మాట అడగాలి.

సాయంత్రం అయ్యేసరికి రెండే మిగిలాయి. రంగులు వేసుకోలేదు. మాట అడగలేదు.

రాయచూరు స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం పైన ఉన్న ఆ పార్లర్‌లో సుమంగళకు నెలకు ఏడు వేల జీతం. యజమానురాలు కుసుమకుమారి సింధనూరు వైపు, కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల ఊళ్ళైన క్యాంపుల్లో వరి పండించే కుటుంబం మనిషి. కాలువకు నీళ్ళు రాని ఏడు పొలం బీడు పడితే, ఒంటి మీది బంగారం బ్యాంకులో పెట్టి ఈ పార్లర్ తెరిచింది. ఆదివారం కూడా మూయదు. పనివాళ్ళ మీద అరుస్తుంది, మళ్ళీ తనే టీ తెప్పించి పోస్తుంది.

పార్లర్‌కు రాకముందే సుమంగళకు ఒక పూట పని అయిపోయేది. తెల్లవారి ఆరింటికి ధాన్యం, పత్తి అమ్మే గంజ్ పక్కన, భోజనం పెట్టే కనకప్ప ఖానావళిలో పొయ్యి ముందు కూర్చుంటే, పార్లర్ వేళకు నూటయాభై జొన్న రొట్టెలు తట్టి లేచేది. రొట్టెకు రెండు రూపాయలు. ఆ పొయ్యి ముందరి పీట మొదట అత్త కరియమ్మది. ఆమె ఎన్నో ఏళ్ళు తట్టి, చేతులు వణకడం మొదలయ్యాక కోడలిని తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టింది. సుమంగళ రొట్టె నడుమ ఎంత పలచనో అంచు కూడా అంతే పలచన. గంజ్‌లో బస్తాలు మోసే హమాలీలు కంచం ముందు కూర్చొని పేరు పెట్టి అడిగేవాళ్ళు, సుమంగళ రొట్టె ఉందా అని.

ఆమె భర్త అమరేశ్ కూడా ఆ గంజ్‌లో హమాలీయే. పోయిన ఏడు పత్తి బస్తా మీద పడి నడుము దెబ్బతిన్నది. ఇప్పుడు గోడ పట్టుకొని వాకిలి దాకా నడుస్తాడు. ఇంటి అద్దె, అతని మందులు పార్లర్ జీతానికి సరిపోతాయి. ముగ్గురి తిండి మాత్రం రొట్టెల మీదే నడిచేది.

గోళ్ళ సంగతి జెల్ పాలిష్‌తో మొదలయింది. ప్లాస్టిక్ గోళ్ళకు అద్దిన రంగులు చూపిస్తే ఆడవాళ్ళు ఎంతసేపటికీ తేల్చుకోలేరని, మనిషి చేతి మీద చూపిస్తే వెంటనే తేల్చుకుంటారని కుసుమకుమారి కనిపెట్టింది. ఒకరోజు సుమంగళ చెయ్యి లాగి బల్ల మీద పరిచింది. "నీ చెయ్యి నలుపే గానీ గోళ్ళు మాత్రం జమీందార్ల గోళ్ళే," అని నవ్వింది. చెయ్యి ఇచ్చినందుకు నెలకు ఐదు వందలు ఎక్కువ.

చిక్కంతా తీసేయడం దగ్గర వచ్చింది. ఖానావళిలో రంగు గోళ్ళతో పిండి ముట్టనివ్వరు. పగలు వేసిన రంగు సాయంత్రానికి పోవాలి. జెల్ పాలిష్ మామూలు రంగులాగా తుడిస్తే పోయేది కాదు. అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, పైన వెండి కాగితం చుట్టి, పావుగంట నానబెడితే మెత్తబడి దానంతటదే వదులుతుంది. మొదటి సాయంత్రం సుమంగళకు అంత ఆగే వీలు లేకపోయింది. జొన్న పిండి వేళ్ళకు ఎండిపోతే గీకి రాల్చడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇదీ అంతే అనుకున్నది. మరో గోటితో అంచు లేపి, ఇనుప పుల్ల దూర్చి గీకింది. రంగు పొలుసులు పొలుసులుగా రాలింది. దానితో పాటు గోటి పైపొర కూడా రాలుతున్నదని ఆమెకు తట్టలేదు. ఎండిన పిండి గీకితే చర్మం ఊడిరాదు కదా.

కుసుమకుమారి అది చూసి ముచ్చటపడింది. అసిటోన్ ఖర్చు మిగిలింది, పావుగంట కలిసివచ్చింది. కొద్ది రోజుల్లో పార్లర్ పద్ధతే అదయింది. తొందరలో ఉన్నవాళ్ళకు సుమంగళ అలాగే గీకి పంపేది. గోళ్ళ మీద తెల్ల మచ్చలు వచ్చాయని ఎవరైనా తిరిగి వస్తే, "కాల్షియం తక్కువండీ, రోజూ పాలు తాగండి," అని మేడం చెప్పేది. ఆ మచ్చల మీద మళ్ళీ రంగు వేసి పంపేవాళ్ళు.

సుమంగళ గోళ్ళ మీద కూడా సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు లేచాయి. తడిమితే గరుకు. గోళ్ళు కాగితంలా పలచబడ్డాయి. మసిలే నీళ్ళు పోసి పిండి పిసికేటప్పుడు ఆ వేడి తిన్నగా గోటి కింది కండకు తగిలేది. పళ్ళు బిగించి పిసికేది. చెప్పుకుంటే చెయ్యి ఇచ్చే పని పోతుందని ఒక భయం, రొట్టె పని పోతుందని ఇంకో భయం.

పోయిన శనివారం ఆ రెండో భయం నిజం కావడం మొదలయింది. తినడానికి వచ్చిన ఒక గిరాకి రొట్టె అందుకుంటూ ఆమె వేళ్ళు చూశాడు. రొట్టె కంచంలో వదిలి లేచాడు. "తొన్ను," అన్నాడు. బొల్లిని ఆ ఊళ్ళో కన్నడ మాటతో అలాగే అంటారు. పక్క వరుసలో ఇద్దరు చేతులు కడుక్కున్నారు. సోమవారం కనకప్ప ఆమెను పీట మీద నుంచి లేపాడు. "నాకేమో నమ్మకమే తంగీ, గానీ గిరాకి నమ్మాలె. మీ మేడం నోటితోని ఒక్క మాట చెప్పించు, అది రంగుతోని అయిందని. రంగుల సంగతి ఆమెకు ఎరుక, అందరికి ఆమె ఎరుక. ఆమె చెప్పిందని నేను అందరికి చెప్పుకుంట. అప్పటిదాంక మీ అత్తను పంపు." చెల్లెలిని పిలిచినట్టు తంగీ అనే పిలిచాడు. పిలుస్తూనే పీట ఖాళీ చేయించాడు.

కాబట్టి ఇప్పుడు సుమంగళకు కావలసింది ఒక్క మాట. అది కుసుమకుమారి నోట్లో ఉంది.

"మేడమ్, జరా ఒక మాట."

కుసుమకుమారి ఫోన్ లోంచి తలెత్తలేదు. "రంగులేసేసుకున్నావా?"

"ఇంకా లేదు. గదే చెప్తున్న. పెద్దాసుపత్రిల డాక్టర్ సాబ్ చూసిండు. ఇది తొన్ను కాదంట. పాలిష్ గీకి గీకి గోరు పైపొర లేచిపోయిందంట. గీకుడు బందు చేస్తే కొత్త గోరు పెరిగినకొద్ది మచ్చ ముందుకు జరిగి పోతదంట."

"హమ్మయ్య, మంచిదేగా మరి. దానికా మొహం ఏంటి?"

"ఈ మాట మీరు కనకప్పన్నకు చెప్పాలె. పాలిష్‌తోని అయిందని. మీరు చెప్తే నన్ను మళ్ళ పొయ్యి కాడ కూసోబెడ్తడు."

అప్పుడు తలెత్తింది కుసుమకుమారి. "నీకేవన్నా పిచ్చా? మా పార్లర్లో రంగేస్తే గోళ్ళు తెల్లబడతాయని నేనే చాటింపు వేయించుకోవాలా? మాఘమాసం ఇది. ఈ నెల్లో నాలుగు పెళ్ళిళ్ళు పట్టానంటే బ్యాంకు వాడికి మొహం చూపించగలను. కాల్షియం తక్కువని చెప్పుకో పో."

"కాల్షియం అంటే నవ్విండు మేడమ్. పాలు తాగితే గీకిన గోరు అతుకుతదా అన్నడు."

"వాడో పెద్ద డాక్టరు!"

"అత్త పోతున్నది పొయ్యి కాడికి. డెబ్బై ఏండ్ల మనిషి. మణికట్లు ఇంతింత వాచినయి." చేతులతో చూపించబోయి, తన గోళ్ళు కనబడగానే గుప్పిళ్ళు మూసుకుంది.

కుసుమకుమారి కాసేపు కిటికీ వైపు చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదనే సుమంగళ నమ్మకం. అమరేశ్ పడిన నాడు ఆటో పిలిచి, డబ్బులు ఇచ్చి పంపింది ఈ మనిషే.

"సరేలే, ఫోన్ చేస్తాను. నంబరివ్వు. ముందు ఆ రంగులేసుకో. రేపొచ్చేవాళ్ళు పెద్ద పార్టీ."

"డాక్టర్ సాబ్ ఏం పెట్టొద్దన్నడు..."

"నేను ఫోన్ చేయనా, వద్దా?"

సుమంగళ ఎడమ చెయ్యి బల్ల మీద, రంగును గట్టిపరిచే లాంపు పక్కన పెట్టింది. ఐదు వేళ్ళకు ఐదు రంగులు వేసుకుంది. ఒక్కో వేలి రంగూ లాంపు నీలి వెలుగులో గట్టిపడుతుంటే, పలచబడ్డ గోటి కింద మంట రేగింది. చెయ్యి వెనక్కి తీయలేదు. ఆ మాటకు ఇది ధర అనుకుంది.

*

ఖానావళికి వెళ్ళేసరికి సాయంత్రం గిరాకి మొదలయింది. సుమంగళ పొద్దున ఒక్క కూర్చోవడంలో ముగించే పని కరియమ్మకు రెండు పూటలు పడుతున్నది. పొయ్యి ముందు ఆమె వీపు కనిపించింది. ముద్దను రెండు చేతులతో తడుతూ, ప్రతి నాలుగు దెబ్బలకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నది. నడుమ తడుతున్నది గానీ, చెయ్యి చుట్టూ తిప్పి అంచు దాకా పలచన చేయడానికి మణికట్టు తిరగడం లేదు.

"కనకప్పా, రొట్టెకు అంచు కూడ కట్టించినవా ఏంది, పట్టు చీర లెక్క?" అని ఒక హమాలీ అరిచాడు. అందరూ నవ్వారు. కరియమ్మ వెనక్కి తిరగలేదు.

కనకప్ప గల్లా దగ్గర నుంచి లేచి సుమంగళను పక్కకు తీసుకుపోయాడు. అతని చూపు మొదట ఆమె ఎడమ చేతి మీద పడింది. "రంగులు పూసుకొని వచ్చి రొట్టె పని అడుగుతవా?"

"ఇది మేడం కోసం వేసుకున్న అన్నా. ఆమె ఫోన్ చేసిందా?"

"చేసింది."

"ఏమన్నది?"

కనకప్ప గొంతు తగ్గించాడు. "నువ్వు పనికి చేరినప్పుడే మచ్చలు ఉండెనంట. పాపమని పెట్టుకున్ననన్నది. రంగుకు దీనికి సంబంధం లేదన్నది."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. లోపల కరియమ్మ దాన్ని తిప్పడం మరిచి ఇటే వింటున్నదని సుమంగళకు అర్థమయింది.

"అబద్ధం అన్నా. పెద్దాసుపత్రి డాక్టర్ రాసిచ్చిండు చూడు." కొంగు ముడి విప్పి చీటీ తీసింది.

కనకప్ప దాన్ని పట్టుకొని అటూ ఇటూ తిప్పాడు. "ఇంగ్లీషుల ఉంది. ఉండనీ, నేను నమ్మిన అనుకో. తినేటోని ముందర రొట్టె పెట్టి, పక్కన ఈ చీటీ పెట్టాలెనా? సాంబార్ పోసుకొని చదువుకొమ్మందునా?" వెక్కిరించాలని అన్నట్టు లేదు. అతనికి కూడా వేరే దారి తోచనట్టే ఉంది. "ఇగో, రేపటి నుంచి మీ అత్తకు కూడ చాతకాకుంటే చెప్పు. కవితాళ ఊరి కాడి నుంచి ఒక ఆమె వస్తనన్నది. శుక్రవారం దాంక చూస్త."

*

ఇంటికి వచ్చాక సుమంగళ నూనె వేడి చేసింది. కరియమ్మ గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొని కూర్చుంది. మణికట్లు ఉబ్బి గాజులు బిగుసుకుపోయాయి. సుమంగళ నూనె గిన్నె పట్టుకొని ఎదురుగా కూర్చొని చెయ్యి అందుకోబోతే, ముసలామె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేనే రాసుకుంట. గిన్నె కింద పెట్టు."

"అత్తా..."

"కింద పెట్టు పిల్లా."

మంచం మీద నుంచి అమరేశ్ గొంతు వచ్చింది. "ఏందమ్మా గది? డాక్టర్ కాదన్నడు కదా."

"కనకప్ప ఏమన్నడో నేను విన్న. ముందే ఉండెనంట. ముందే ఉంటే మాకు చెప్పనన్న చెప్పలె." కరియమ్మ కళ్ళు కోడలి చేతుల మీదే ఉన్నాయి. ఆమె కళ్ళలో కోపం లేదు. భయం ఉంది. "మా ఊరు యరగేరల జయాబాయి అని ఒక ఆమె ఉండె. కల్లం కాడ పని చేసేటోళ్ళకు నీళ్ళు మోసుకొచ్చేది. చేతుల మీద తొన్ను లేచింది. ఇగ ఆమె కుండల నీళ్ళు ఎవ్వరం తాగలె. ఎండకాలం, దూపతోని నాలుక పిడచకట్టినా తాగలె. నిండు కుండ తెచ్చేది. నిండు కుండ నెత్తిన పెట్టుకొని ఇంటికి పొయ్యేది. ఊరు విడిచి ఎటు పోయిందో."

సుమంగళ తన చేతుల వైపు చూసుకుంది. డాక్టర్ మధ్యాహ్నం రెండు మాటలు చెప్పాడు. మొదటి మాట ఆమె పరుగున తెచ్చి మేడంకు, కనకప్పకు, ఇంట్లో వాళ్ళకు చెప్పింది. రెండో మాట ఎవరికీ చెప్పలేదు. అది తనకు అక్కర్లేని మాట అనుకుంది. అది చెబితే తనకు నిజంగానే తొన్ను ఉందనుకుంటారని కూడా భయపడింది.

"అత్తా, డాక్టర్ ఇంకో మాట చెప్పిండు."

"ఏందట?"

"ఇది తొన్ను కాదు అన్నడు. తొన్ను అయినా గానీ, ఆ చేతి రొట్టె తింటే ఎవ్వరికి ఏం కాదు అన్నడు. ముట్టుకుంటే అంటుకోదంట. ఎన్నడు ఎవ్వరికి అంటుకోలేదంట."

కరియమ్మ బిగుసుకున్న గాజును వేలితో కదిలించబోయింది. బయట ఎవరో మోటారు సైకిల్ ఆపి, మళ్ళీ నడుపుకొని పోయారు.

"ఎన్నడు అంటుకోదా?"

"అంటుకోదంట."

"గట్లయితే ఆ నీళ్ళు తాగితే మాకు ఏం కాకుండెనా?"

సుమంగళ నూనె గిన్నె మళ్ళీ దగ్గరికి జరుపుకుంది. ముసలామె కోడలి మొహం చూడకుండా, గోడ వైపు చూస్తూ, కుడి చెయ్యి ముందుకు చాపింది. మచ్చల వేళ్ళు, రంగుల వేళ్ళు ఆ వాచిన మణికట్టు మీద నూనె రాశాయి. తాకిన ప్రతిసారీ ముసలామె ఒళ్ళు ముడుచుకునేది. అయినా చెయ్యి తీసుకోలేదు.

"రేపు నాతోని కాదు సుమంగళా," అంది చివరకు. "గానీ పోవాలె."

*

మర్నాడు పదకొండు దాటాక పెళ్ళివాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురు సాహితి, ఆమె తల్లి. కవితాళ అవతల క్యాంపు నుంచి కారులో వచ్చారు. కుసుమకుమారి ఎదురువెళ్ళి వరసలు కలుపుకొని, వాళ్ళ ఊరిని, వరి ధరను అడిగి, కూల్ డ్రింక్ తెప్పించింది. సుమంగళ చెవి దగ్గర మెల్లగా, "కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకో. ఎడమచెయ్యే చూపించు," అని చెప్పి, ఆమె భుజం తట్టింది. నిన్నటి ఫోన్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. సుమంగళ కూడా అడగలేదు. అడిగితే ఏడుపు వస్తుందని తెలుసు.

దిండు మీద ఎడమ చెయ్యి పరిచింది. ఐదు రంగులు.

"అమ్మా, ఈ వంకాయ రంగు బావుంది కదే," అంది సాహితి.

"పెళ్ళికి వంకాయేంటే! మీ అత్తగారు చూసి గుత్తివంకాయ కూర వండి పెట్టమంటుంది."

సాహితి పకపకా నవ్వింది. సుమంగళకు కూడా నవ్వు వచ్చినంత పనయింది. చివరకు గోరింటాకు పండినట్టుండే ఎరుపు తేల్చారు. అయితే సాహితి గోళ్ళకు నిశ్చితార్థం నాటి మెరుపు రంగు ఇంకా ఉంది. కింద కొత్త గోరు పెరిగి, రంగు సగానికి జరిగింది. ముందు అది పోవాలి.

"త్వరగా కానివ్వండి," అంది తల్లి. "రేపు పొద్దున్నే పెళ్ళికూతుర్ని చేస్తున్నాం. ఇంటి నిండా చుట్టాలు. భోజనాల వేళకి నేనక్కడ లేకపోతే మా తోటికోడలు ఊరంతా చెప్పుకుంటుంది."

"ఎంతసేపండీ! మా సుమంగళ చేతిలో మంత్రం ఉంది. ఐదు నిమిషాల్లో తీసేస్తుంది," అని కుసుమకుమారి ఇనుప పుల్ల తెచ్చి సుమంగళ ముందు పెట్టింది.

సుమంగళ ఎడమ చేత్తో సాహితి వేళ్ళు పట్టుకుంది. రంగు పెరిగి వదిలిన చోట గోరు లేత గులాబీ రంగులో, నున్నగా, పచ్చి వేరుశెనగ గింజలాగా ఉంది. తన గోళ్ళు కూడా ఒకప్పుడు అలాగే ఉండేవి. పుల్ల అందుకోవాలంటే కుడి చెయ్యి తువ్వాలు కింద నుంచి తీయాలి. తువ్వాలు కప్పుకున్న చేత్తోనే పుల్ల అందుకుంది. కొనను రంగు అంచు కింద ఆనించింది. ఒక్క ఒత్తుడు. పైపొర లేచి వస్తుంది. మేడం సంతోషిస్తుంది. ఈ అమ్మాయి రేపు పసుపు పూయించుకుంటుంది, మచ్చలు ఎర్ర రంగు కింద ఉంటాయి. రంగు తీసిన నాడు బయటపడతాయి. అప్పుడు ఎవరో చూసి ఒక మాట అంటారు. ఈమెకూ పాలు తాగమని చెబుతారు.

పుల్ల బల్ల మీద పెట్టేసింది.

"గీకను, మేడమ్."

కుసుమకుమారికి మొదట అర్థం కాలేదు. "ఏంటీ?"

"గీకను. నానబెట్టి తీస్త. పావుగంట పడ్తది."

"అసిటోన్ ఎక్కడుందే? డబ్బా అయిపోయి ఎన్నాళ్ళయింది?"

"పైసలియ్యండి, బజార్ల తెస్త."

"గీకితే ఏవవుతుందమ్మా?" అని అడిగింది సాహితి తల్లి.

"ఏం కాదండీ, దాని మాటలకేం గానీ," అని కుసుమకుమారి నవ్వబోయింది. నవ్వు కుదరలేదు. "దానికి ఒంట్లో బాగుండట్లేదు. నేను తీస్తాను ఉండండి."

సుమంగళ తువ్వాలు పక్కకు జరిపి, కుడి చెయ్యి బయటికి తీసి, సాహితి చెయ్యి పక్కన దిండు మీద పరిచింది. ఒక చేతికి ఐదు రంగులు. ఇంకో చేతికి ఐదు మచ్చల గోళ్ళు, రంగేమీ లేకుండా.

"గిట్లయితది," అంది.

తల్లి కూతురి చెయ్యి చటుక్కున లాక్కుంది. "అయ్యో అయ్యో, ఇది బొల్లి కాదూ?"

కాదు అన్న మాట సుమంగళ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్ని రోజులుగా ఎదురైన ప్రతివాళ్ళకూ ఆ ఒక్క మాటే చెప్పింది. ఈసారి ఆ మాట వెనుక, నెత్తిన నిండు కుండ పెట్టుకొని ఎండలో తిరిగిపోతున్న ఒక మనిషి కనిపించింది. తను ఎన్నడూ చూడని మనిషి.

"బొల్లి అయినా గానీ, నా చెయ్యి తాకితే మీ బిడ్డకు ఏం కాదమ్మా," అంది. "గానీ ఇది బొల్లి కాదు. ఇది గీకినందుకు అయింది. మొదలు నాకే తెల్వక గీకిన. తర్వాత మేడం గీకమంటే గీకిన. ఇక్కడికి వచ్చినోళ్ళ గోళ్ళు కూడ గీకిన. వాళ్ళకు కాల్షియం అని చెప్పినం."

కుసుమకుమారి మొహంలో రంగు పోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపంతో వచ్చాయో, బ్యాంకులో ఉన్న బంగారం గుర్తొచ్చి వచ్చాయో చెప్పడం కష్టం.

"దిగు," అంది పళ్ళ మధ్య నుంచి. "ఆ కుర్చీ దిగి కిందికి పో. నీ జీతం నీ ఇంటికి పంపిస్తాను."

సుమంగళ లేవలేదు. రెండు చేతులూ దిండు మీదే ఉన్నాయి. తల్లి కూతురి మణికట్టు గట్టిగా పట్టుకొని, "పద, ఇంకెక్కడికైనా పోదాం," అంటున్నది. సాహితి కదలలేదు. తన గోళ్ళు చూసుకోవడం లేదు. ఆ మచ్చల గోళ్ళనే చూస్తున్నది, ఏదో అడగబోతున్నట్టు పెదవులు కొద్దిగా తెరిచి.

అదే సమయానికి గంజ్ పక్కన ఖానావళిలో మధ్యాహ్నం గిరాకి కూర్చుంది. పొయ్యి ముందు కరియమ్మ ముద్ద చేతిలోకి తీసుకొని తడుతున్నది. నాలుగు దెబ్బలు, ఊపిరి. మళ్ళీ నాలుగు దెబ్బలు. పీట పక్కన నూనె గిన్నె పెట్టుకుంది. రేపు శుక్రవారం.

మీరెప్పుడైనా రాయచూరు వచ్చి, గంజ్ దగ్గర ఏదో ఒక ఖానావళిలో కంచం ముందు కూర్చొని వేడి జొన్న రొట్టె విరిచినప్పుడు, అంచు మందంగా తగిలితే తిట్టుకోకండి. అది వాచిన మణికట్లతో డెబ్బై ఏళ్ళ కరియమ్మ తట్టిన రొట్టె కావచ్చు. ఆమెను గుర్తుపెట్టుకోండి. ఆమె కోడలి చేతిలో ఏ జబ్బూ లేదని కూడా.